ఎవర్‌గ్లేడ్స్ పోతున్నరా? ఆ టీషర్టు మాత్రం కొనకుండ్రి

జనవరి 1 నుంచి అమెరికాల పదకొండు నేషనల్ పార్కుల గేట్ల కాడ కొత్త రేటు నడుస్తున్నది. బయటి దేశం నుంచి వచ్చి, పదహారేండ్లు నిండిన మనిషి అయితె, ఏడాది పాసు లేకపోతె, మామూలు టికెట్టు మీద ఇంకో 100 డాలర్లు కట్టాలె. ఏడాది పాసు అక్కడ ఉండేటోళ్లకు 80 డాలర్లు, బయటోళ్లకు 250. గ్రాండ్ కాన్యన్, యెల్లోస్టోన్, యోసెమిటీ అసొంటి పెద్ద పేర్ల నడుమ ఫ్లోరిడా దక్షిణం కొసన ఉన్న ఎవర్‌గ్లేడ్స్ కూడ ఆ జాబితాల ఉన్నది.

ఇది మనకెందుకు అంటె, మన పిల్లలు ఆ దిక్కు మస్తు మంది ఉన్నరు. అమ్మనాయిన విజిటర్ వీసా మీద వస్తరు. ఓర్లాండోల డిస్నీ చూపిస్తరు, మయామిల సముద్రం చూపిస్తరు, ఆ తర్వాత "మొసళ్లను చూద్దాం పా" అని కారెక్కిస్తరు. నిరుడు జనవరిల నేను కూడ గట్లనే పోయిన. మా అక్క కొడుకు టాంపాల కొలువు చేస్తడు. అక్క, బావ, నేను, వాడు, ఒక్క కార్ల నలుగురం. గేటు కాడ కారు మొత్తానికి 35 డాలర్లు తీసుకొని, ఏడు దినాలు చెల్లుతది అని చీటి ఇచ్చిన్రు. అదే కార్ల ఇయ్యాల పాసు లేకుండ పోతె, మన పాస్‌పోర్టుల మీద పోయిన ముగ్గురికి ఇంకో 300. డాలరుకు తొంభై రూపాయల లెక్కన 27 వేలు. ఈ ముచ్చట ఫోన్ల చెప్తె మా బావ అన్నది ఒకటే మాట: "గా మొసళ్లను మళ్ల చూడకున్న నడుస్తది తియ్యి."

నేను రేటు మీద వట్టిగ లొల్లి చెయ్య. మన తాజ్‌మహల్ కాడ మనకు 50 రూపాయలు, ఫారినోళ్లకు 1,100. పన్ను కట్టేటోనికి తక్కువ, చూడొచ్చినోనికి ఎక్కువ అనే మాటల ఎంతోకొంత నాయం ఉన్నది. నా పంచాయితి ఆ రేటు వెనుక ఉన్న బుద్ధి మీద. దీనికి సర్కారు పెట్టిన పేరు "అమెరికా ఫస్ట్". ఈ కొత్త రేటుతోని పాటే టికెట్టు లేని దినాల జాబితా కూడ మార్చిన్రు. మార్టిన్ లూథర్ కింగ్ దినం తీసేసిన్రు. బానిసత్వం పోయిన గుర్తుగ చేసుకునే జూన్‌టీన్త్ తీసేసిన్రు. జూన్ 14 కలిపిన్రు. అది జెండా దినం, ట్రంప్ పుట్టిన దినం కూడ. ఏడాది పాసు కార్డు మీద జార్జి వాషింగ్టన్ పక్కన ట్రంప్ మొఖం అచ్చేసిన్రు. జనం ఆ మొఖం మీద స్టిక్కర్లు అతికిస్తె, గట్ల చేస్తె పాసు చెల్లకపోవచ్చని హెచ్చరిక. మన దగ్గర రేషన్ సంచి మీద, టీకా సర్టిఫికెట్టు మీద ఫొటోలు చూసినోళ్లం కద, మనకు కొత్తేం కాదు.

వచ్చే పైసలతోని పార్కులు బాగుచేస్తం అంటున్నరు. 2025 ఫిబ్రవరిల పార్కుల సర్వీసుల కొత్తగ చేరిన దాదాపు 1,000 మందిని ఒక్క దెబ్బకు ఇంటికి పంపింది కూడ ఇదే సర్కారు. తర్వాత కోర్టులు తిరిగి తీసుకోమన్నది వేరే కథ.

ఇగ ఆ జాగ ఎసొంటిదో చెప్పాలె. ఎవర్‌గ్లేడ్స్ అంటె చెరువు కాదు, అడవి కాదు. ఓకీచోబీ అనే పెద్ద సరస్సు నిండి పొర్లిన నీళ్లు, మైలుకు రెండు ఇంచుల వాలు కూడ లేని నేల మీద, మైళ్లకొద్ది వెడల్పుల, గడ్డి నడుమ కనపడకుండ సముద్రం దాక జారుతయి. 1947ల మార్జొరీ స్టోన్‌మన్ డగ్లస్ అనే రచయిత్రి దాన్ని గడ్డి నది అన్నది. అంతకన్న ముందే అక్కడి ఆదివాసులు పా-హే-ఓకీ అన్నరు, గడ్డి నీళ్లు అని. సా గ్రాస్ అని పిలిచే ఆ గడ్డి అసలు గడ్డే కాదు, మన తుంగ జాతి. అంచులు రంపం లెక్క కోస్తయి. ఆ ఏడాదే డిసెంబరు 6న ట్రూమన్ వచ్చి పార్కు మొదలుపెట్టిండు. ఇయ్యాల దాని విస్తీర్ణం 15 లక్షల ఎకరాలు.

చెరువుల మీద పనిచేసేటోనిగ నాకు అన్నిటికన్న మనసుల నాటింది తమియామి ట్రయిల్ రోడ్డు. మనకు కట్ట అంటె నీళ్లను ఆపి ఊరిని బతికించేది. అక్కడ 1928ల ఆ రోడ్డు కట్ట లెక్క అడ్డం పడ్డంక కింద ఉన్న చిత్తడి ఎండిపొయింది. ఇప్పుడు కోట్ల డాలర్లు పోసి రోడ్డును లేపి, కింద నీళ్లు పారనీకి వంతెనలు కడుతున్నరు. పైన చెరుకు తోటల నుంచి ఫాస్ఫరస్ కొట్టుకొస్తె తుంగ చచ్చి జమ్ము లేస్తది. మురికి కలిసిన చెరువుల జమ్ము ఎట్ల కమ్ముకుంటదో మనకు ఒకరు చెప్పాల్నా?

ఆడికి పోతె ఏం చెయ్యాలె అని అడిగేటోళ్లకు నా మాట. చలికాలం పోవాలె, డిసెంబరు నుంచి ఏప్రిల్ లోపల. అప్పుడు నీళ్లు తగ్గి మిగిలిన గుంటల కాడికి జీవాలన్ని చేరుతయి. హోమ్‌స్టెడ్ దిక్కు గేటు నుంచి లోపలికి పోతె రాయల్ పామ్ వస్తది, అక్కడ ఆన్‌హింగా ట్రయిల్. చెక్క బాట, మైలు లోపే. మా అక్కకు మోకాళ్ల నొప్పులు, అయినా ఆపకుండ నడిచింది. ఆన్‌హింగా అంటె పాము మెడ అసొంటి మెడ ఉన్న నీటి పిట్ట, మునిగి చేపను పొడిచి, మళ్ల రెక్కలు చాపుకొని ఎండకు ఆరబెట్టుకుంటది. కంచె లేదు, అద్దం లేదు, పదిహేను అడుగుల దూరంల ఉండాలె అనే రూలు ఒక్కటే. మొసలి బాట పక్కన్నే పండుకొని ఉంటది. పార్కింగుల ఇంకో తమాష: రాబందులు కార్ల అద్దాల చుట్టు ఉండే రబ్బరు పీకుతయి. అందుకని పార్కోళ్లే కార్ల మీద కప్పనీకి తాడుపత్రీలు పెట్టిన్రు. మా పోరడు కొత్త కారు కొన్నడాయె, కప్పినంక కూడ రెండుసార్లు ఎనుకకు పోయి చూసొచ్చిండు.

అక్కడి నుంచి ఫ్లమింగో దాక పోతె, సముద్రం నీళ్లు మంచినీళ్లు కలిసే కాడ, అలిగేటరు, క్రోకొడైలు రెండు కనపడతయి. రెండు కలిసి బతికే జాగ లోకంల ఇదొక్కటే అంటరు. పైన తమియామి రోడ్డు మీద షార్క్ వ్యాలీ కాడ 15 మైళ్ల బాట ఉన్నది, సైకిలు కిరాయికి తీసుకోవచ్చు, లేకపోతె ట్రామ్ ఎక్కి రెండు గంటల్ల తిరిగిరావచ్చు. వయసు మీద పడ్డోళ్లకు ట్రామే మేలు. రేంజర్ల వెంట నడిచేదానికి పైసలు లేవు. మోకాలు మునిగే నీళ్లల నడిపించేది కూడ ఒకటున్నది. నేను దిగిన, బావ దిగలే.

ఎయిర్‌బోటు సంగతి కూడ చెప్తె అయిపోతది. అందరు అదే అడుగుతరు, వీడియోలు చూసి. పార్కు పాత భాగంల దాన్ని తిరగనియ్యరు. 1989ల కలిపిన తూర్పు భాగంల, తమియామి రోడ్డు పొంటి కొన్ని కంపెనీలు నడుపుతయి. విమానం పంకా అసొంటిది ఎనుక పెట్టుకొని ఉరుకుతది. వడ్ల మిల్లు ఇంజను పక్కన కూసున్నట్టు ఉంటది, చెవులల్ల పెట్టుకోనీకి దూది ఇస్తరు. పిట్టలు మన రాకను ఊరవతలనే విని లేచిపోతయి. ఒక్కసారి ఎక్కుతె తప్పేం లేదు గాని, అదే ఎవర్‌గ్లేడ్స్ అనుకొని ఎనుకకు మర్లిపోయినోళ్లను చూస్తె పాపం అనిపిస్తది.

కొనుడు దగ్గరికొద్దాం. ఈ చిత్తడి చరిత్ర అంత కొనుడు అమ్ముడే. నూట ఇరవై ఏండ్ల కింద న్యూయార్కు దొరసాండ్లకు టోపీల మీద కొంగ ఈకలు పెట్టుకునుడు ఫ్యాషను. ఈకలు తూకంల బంగారం కన్న ఎక్కువ పలికినయి. పిల్లలు గూట్లె ఉన్నప్పుడే తల్లి కొంగకు ఆ ఈకలు వస్తయి, అందుకని గూళ్ల మీదనే కాల్చేటోళ్లు. వేటగాళ్లను ఆపనీకి గై బ్రాడ్లీ అనే ఆయనను కాపలా పెట్టిన్రు. 1905 జులై 8న ఫ్లమింగో కాడ ఆయనను కాల్చి చంపిన్రు. కాల్చినోని మీద కేసు కూడ నిలవలే. ఫ్లమింగోల విజిటర్ సెంటరుకు ఇయ్యాల ఆయన పేరే. కొంగలు బతికింది కాపలాతోని కాదు. 1910ల న్యూయార్కు రాష్ట్రం ఈకల అమ్మకం బందు పెట్టింది, గిరాకి పోయింది, తుపాకి దిగింది.

ఆ తర్వాత నేలనే అమ్మిన్రు. 1904ల బ్రోవార్డ్ అనే ఆయన ఈ చిత్తడిని ఎండగొడత అని చెప్పి గవర్నరు అయిండు. 1960లల్ల నేపుల్స్ ఊరి దిక్కు గోల్డెన్ గేట్ ఎస్టేట్స్ అని పెద్ద వెంచరు వేసిన్రు, కాలువలు తవ్విన్రు, రోడ్లు గీసిన్రు, దూరంల ఉన్నోళ్లకు ప్లాట్లు అంటగట్టిన్రు. వానకాలం వస్తె ప్లాటు నీళ్ల కింద. చివరికి దక్షిణం భాగం ప్లాట్లన్ని సర్కారే తిరిగి కొన్నది, ఇప్పుడు ఆ కాలువలు పూడుస్తున్నరు, రోడ్లు తీసేస్తున్నరు. హైదరాబాదుల ఎఫ్‌టీఎల్ల రిజిస్ట్రేషన్ చేసిచ్చినోళ్ల తాతలు అక్కడ ఉండిరి.

ఆ తర్వాత పెంపుడు పాములు. బర్మా కొండచిలువ పిల్లలను దుకాణంల కొనుక్కొని, పెరిగినంక భయపడి చిత్తడిల ఇడిసిపెట్టిన్రు. 2012ల వచ్చిన ఒక అధ్యయనంల రకూన్లు 99 శాతం తగ్గినయని తేలింది. పాములను పట్టనీకి 2017ల తమిళనాడు నుంచి ఇరుల తెగోళ్లను ఇద్దరిని పిలిపిచ్చుకున్నరు. శాస్త్రం చదివిన దేశం, పాము జాడ పట్టే చెయ్యి కావాల్సొచ్చినప్పుడు మన దిక్కు అడవి మనిషిని అడిగింది.

ఇప్పుడు అమ్ముతున్నది టీషర్టు. నేను ఇది రాసింది దీని కోసమే.

పార్కుకు ఉత్తరం ఆనుకొని బిగ్ సైప్రెస్ అనే రక్షిత చిత్తడి ఉన్నది. 1968ల అక్కడ లోకంల అందరికన్న పెద్ద విమానాశ్రయం కడతం అని మొదలుపెట్టిన్రు. డగ్లస్ అప్పుడు ఎనభై ఏండ్లకు దగ్గర పడ్డ మనిషి, 1969ల ఫ్రెండ్స్ ఆఫ్ ది ఎవర్‌గ్లేడ్స్ అనే సంఘం పెట్టి కొట్లాడింది. ఒక్క రన్‌వే కాడనే ఆగింది. 1974ల ఆ ప్రాంతం రక్షిత భూమి అయింది. అదే రన్‌వే మీద 2025 జూన్ ఆఖర్ల, వారం పది దినాల్ల డేరాలేసి, ఇనుప జాలి గదులు కట్టి, వలస మనుషులను పట్టి పెట్టే శిబిరం లేపిన్రు. పేరు అలిగేటర్ ఆల్కట్రాజ్. జులై 1న ట్రంప్ వచ్చి చూసిండు. పారిపోతె మొసళ్లు తింటయి అనేది వాళ్ల జోకు. ఫ్లోరిడా రిపబ్లికన్ పార్టీ ఆ పేరు అచ్చేసి టీషర్టులు, టోపీలు అమ్మకానికి పెట్టింది.

మొసలి బొమ్మ ఉన్నది, మంచిగున్నది అని ఆ టీషర్టు ఫొటోను మనోళ్ల వాట్సాప్ గ్రూపుల ఒక పిల్లగాడు పెట్టిండు. కింద చప్పట్ల బొమ్మలు, నవ్వు బొమ్మలు. నాకు తెలిసి ఆ గ్రూపుల సగం మంది హెచ్‌1బీ మీద ఉన్నోళ్లు. 2025 సెప్టెంబరుల కొత్త హెచ్‌1బీకి లక్ష డాలర్ల రుసుము పెట్టినప్పుడు నిద్రపోనోళ్లు. అదే ఏడాది ఫిబ్రవరిల 104 మంది మన దేశపోళ్లను సంకెళ్లేసి మిలిటరీ విమానంల అమృత్‌సర్‌ల దింపినప్పుడు "వాళ్లు దొంగదారిల పోయినోళ్లు, మనం వేరే" అన్నోళ్లు. దొంగదారి, రాజదారి అనే తేడా కాయిదం మీద ఉన్నది, ఒప్పుకుంట. కాయిదాలు రాసేటోడే ఆ తేడాను ఎప్పుడైన చెరిపేయొచ్చని గేటు కాడ వంద డాలర్లు చెప్పలేదా? అంగి మీద జైలు బొమ్మ వేసుకొని తిరిగితె, లోపల ఉన్నోళ్లకు మనం ఏమైతం?

ఆ శిబిరం మీద కోర్టుకు పోయింది డగ్లస్ పెట్టిన సంఘమే, ఇంకో పర్యావరణ సంఘం, వాళ్లతోని కలిసి మికసూకీ తెగ. ఆగస్టు 21న కింది కోర్టు కొత్తోళ్లను తేవొద్దు, 60 దినాల్ల విప్పుతూ పోండ్రి అన్నది. సెప్టెంబరు 4న పై కోర్టు ఇద్దరు ఒకరు లెక్కన ఆ తీర్పును ఆపింది.

మికసూకీలు ఎవలంటె, 19వ శతాబ్దం యుద్ధాల్ల అమెరికా సైన్యం పడమరకు తరుముతె పోకుండ ఈ తుంగలనే దాక్కొని బతికినోళ్లు. 1962ల గాని సర్కారు వాళ్లను తెగగ గుర్తించలే. మొత్తం కొన్ని వందల మంది. పార్కు లోపల వాళ్ల ఊరొకటి ఉన్నది, ఒస్సియోలా క్యాంపు, వరదలకు మునుగుతది. దాన్ని వాళ్ల భూమిల కలిపి, ఇండ్లను వరద నుంచి కాపాడాలె అని ఒక బిల్లు వచ్చింది. పెట్టింది రిపబ్లికన్ సభ్యుడే, రెండు సభలు ఒప్పుకున్నయి. డిసెంబరు ఆఖర్ల ట్రంప్ వీటో చేసిండు. పన్ను కట్టేటోళ్ల పైసలు అన్నడు, దాంతోని పాటు ఈ తెగ నా వలస విధానానికి అడ్డం వచ్చింది అని కూడ రాసిండు. కోర్టుకు పోయినందుకు ఇండ్లు మునగాలె అన్నమాట. జనవరి 8న వీటోను కొట్టేయనీకి హౌస్‌ల ఓటు పెడితె మూడింట రెండొంతులు రాలే.

అందుకని, కొంటె వీళ్ల దగ్గర కొనుండ్రి. షార్క్ వ్యాలీ గేటు దాటి కొంచెం పడమరకు పోతె తమియామి రోడ్డు మీద మికసూకీల పల్లె ఉన్నది, మ్యూజియం, చేతిపనుల దుకాణం. తాటాకు అసొంటి ఆకు కప్పి, గోడలు లేకుండ కట్టే ఇండ్లను చికీ అంటరు. వాళ్ల ప్యాచ్‌వర్క్ మన బొంత లెక్క కాదు. రంగు బట్టను సన్న పట్టీలుగ చించి, కుట్టి, మళ్ల అడ్డంగ కోసి, మళ్ల కుడతరు. చేతితోని తిప్పే కుట్టు మిషన్లు వచ్చినంక ఆడోళ్లు పుట్టిచ్చిన పని. ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క గుర్తు: వాన, నిప్పు, ఉరుము. పాల్మెటో నారతోని చేసిన బొమ్మలు, తీపిగడ్డి బుట్టలు కూడ ఉంటయి. రేటు ఎక్కువనే. మా అక్క ఒక చిన్న సంచి ముట్టుకొని చూసి, రేటు చూసి పెట్టేసి, లోపల ఒక చుట్టు తిరిగొచ్చి మళ్ల తీసుకున్నది. బేరం ఆడలే. బీడీలు చుట్టిన చెయ్యి ఆమెది, గంటకు ఎన్ని కుట్లు పడతయో ఆమెకు ఎవలు చెప్పాల్సిన పని లేదు.

పార్కు లోపలి దుకాణాల్ల పుస్తకాలు దొరుకుతయి. అయితె పోయిన ఏడాది చివర్ల ఆ దుకాణాలకు ఉత్తర్వు పోయింది, అమ్మే సామాను మొత్తం జల్లెడ పట్టుండ్రి, వైవిధ్యం, సమానత్వం వాసన వచ్చేది తీసెయ్యుండ్రి అని. ఆదివాసుల మీద, నల్లోళ్ల మీద రాసిన పుస్తకం కనపడితె ఆడనే కొనుక్కోండ్రి. వచ్చే ఏడు ఉంటదో లేదో.

మొసలి తల, మొసలి తోలు పర్సు రోడ్డు పక్కన దుకాణాల్ల మస్తు అమ్ముతరు. అక్కడ అది చట్టప్రకారమే. అలిగేటరు 1967ల అంతరించిపోయే జాబితాకు ఎక్కి, కోలుకొని 1987ల దిగింది. కాని అంతర్జాతీయ ఒప్పందం సైటీస్ రెండో జాబితాల ఉన్నది. కాయిదాలు లేకుండ మనుమడికి బొమ్మ అని సూట్‌కేసుల పెట్టుకొస్తె శంషాబాదుల కస్టమ్సోళ్లతోని తగువు.

హోమ్‌స్టెడ్ కాడ 1959ల పెట్టిన రాబర్ట్ ఈజ్ హియర్ అనే పండ్ల దుకాణం ఉన్నది. కాలాన్ని బట్టి సపోట, సీతాఫలం, పనస, జామ, అన్ని మన పండ్లే. ఆ చుట్టుపక్కల చేన్లల్ల పనిచేసేది ఎక్కువ మెక్సికో, గ్వాటెమాలా కూలీలు. ఎండల పనిచేసేటోళ్లకు నీడ, నీళ్లు ఇయ్యాలె అని ఏ కౌంటీ కూడ సొంతంగ రూలు పెట్టకుండ 2024ల ఫ్లోరిడా చట్టం చేసింది. ఇప్పుడు శిబిరం భయం వేరే.

పోయేటోళ్లు ఫిబ్రవరిల పోండ్రి, ఏప్రిల్ దాటితె దోమలు మనిషిని ఎత్తుకపోతయి. ఇంట్ల ఎవరికి ఏ కార్డు ఉన్నదో, ఏ పాసు కొంటె ఎంత పడతదో పార్కు సైటుల ముందే చూసుకోండ్రి, గేటు కాడ కారు ఆపి లెక్కలు చేస్తె ఎనుకనోళ్లు హారను కొడతరు. నీళ్ల సీసాలు పెట్టుకోండ్రి. ఫ్లమింగో దాక పోయేటోళ్లు హోమ్‌స్టెడ్‌ల పెట్రోలు కొట్టిచ్చుకోండ్రి, పార్కు గేటు నుంచే పోను 38 మైళ్లు.